నీళ్ల మీద నిలిచిన నావ

హారతి కాగానే చేతుల్లో పూలు పెడతారు, మంత్రపుష్పం గబగబా సాగిపోతుంది. ఎప్పుడు అయిపోతుందా, ప్రసాదం ఎప్పుడు పెడతారా అని చూసేవాళ్లే ఎక్కువ. చూడండి, ఆ కాసేపట్లో వేదమాత ఒకే మాట ఏడుసార్లు తిప్పి తిప్పి చెబుతోంది. అగ్ని, వాయువు, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, మేఘం, సంవత్సరం నీటికి ఇళ్లట. మళ్లీ వాటన్నిటికీ నీరే ఇల్లట.

"అసౌ వై తపన్నపామాయతనమ్." తపించే ఆ సూర్యుడే నీటికి ఇల్లు. ఎండాకాలంలో మన నెల్లూరు తీరాన ఇస్కపల్లి ఉప్పు కొఠార్లు చూసినవాళ్లకు దీనికి భాష్యం అక్కర్లేదు. లీటరు సముద్రపు నీళ్లలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. మడిలో నీళ్లు చిక్కబడేకొద్దీ ముందు జిప్సం దిగుతుంది, ఆ తర్వాతే ఉప్పు పూస కడుతుంది. సూర్యనారాయణుడు ఉప్పంతా మనకు వదిలేసి మంచినీళ్లు మాత్రమే పైకి తీసుకుంటాడు. ఆ ఆవిరి ఆకాశంలో ఉండేది సగటున తొమ్మిది పది రోజులే. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీక స్నానాల నెలే నెల్లూరు చెరువులు నిండే నెల.

ఇక చివరి మాట. "యోఽప్సు నావం ప్రతిష్ఠితాం వేద, ప్రత్యేవ తిష్ఠతి." నీళ్లలో నిలిచిన నావను ఎరిగినవాడు తానూ నిలుస్తాడు. పెద్దలు దీనికి ఎన్నో అర్థాలు చెప్పారు. అల్లూరు నుంచి కొత్తపట్నం దాకా తీరంలో ఉండేవాళ్లకు ఇంకో అర్థం కాళ్ల కిందే ఉంది. ఇసుక నేలలో ఇంకిన వాన నీరు, తనకన్నా బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. అదే మన నావ! సముద్రమట్టానికి ఒక అడుగు పైన మంచినీళ్లు నిలిచి ఉంటే, ఆ మట్టం కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీళ్లే. రాత్రింబవళ్లు మోటార్లు వేసి ఆ ఒక్క అడుగూ తోడేస్తే, అడుగునున్న ఉప్పునీళ్లు మెల్లగా ఆ నలభై అడుగులూ ఎక్కి వస్తాయి. ఒకసారి ఉప్పెక్కిన బావి మళ్లీ తియ్యబడాలంటే ఏళ్లు పడుతుంది.

గంగమ్మకు పసుపు కుంకాలు వేస్తాం, మంచిదే. ప్లాస్టిక్ కవరుతో సహా పెన్నలో వేయకండి తల్లీ. దీపం అరటి దొప్పలో వదలండి, థర్మాకోల్ ముక్క మీద వద్దు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద పది సెంటీమీటర్ల వాన పడితే 9,000 లీటర్లకు పైనే. దాన్ని కాలవలోకి పోనివ్వకుండా ఇంకుడు గుంతకు మళ్లించండి. అడుగున పెద్ద రాళ్లు, నడుమ కంకర, పైన ఇసుక. తొలి వాన మురికి బయటికి వదిలేయాలి. గొట్టాన్ని తిన్నగా బోరులో దించితే ఒండ్రు చేరి బోరే పూడుతుంది. ఏటా మహాలయ పక్షాల్లోనే, వానలు ముదరకముందే, ఆ పై ఇసుక తీసి కడగండి. కడగకపోతే బంకమట్టి పొర కట్టి చుక్క కూడా కిందికి దిగదు.