38వ సీను దగ్గర ఐదు వారాలు

సినిమా స్క్రిప్టు రాస్తూ ఐదు వారాలు 38వ సీను దగ్గరే ఆగిపోయా. ఇంటర్వెల్ అయ్యాక సెకండాఫ్ మొదలయ్యే సీను అది. కథ మా కామారెడ్డి వైపుది, నాలుగేళ్ల తర్వాత దుబాయ్ నుంచి మొగుడు చెప్పాపెట్టకుండా ఇంటికొస్తాడు, పెళ్లాం వాకిట్లో బీడీలు చేస్తుంటుంది, అక్కడ ఇంటర్వెల్ కార్డు. తర్వాత ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలి? అది రాలేదు నాకు.

అంటే రాయలేదని కాదు, పదకొండు వెర్షన్లు రాశా. ఒకదాంట్లో ఏడుస్తుంది, ఇంకోదాంట్లో నిలదీస్తుంది, చదువుకుంటే ఒక్కటీ ఆమె మాట కాదు, అన్నీ నావే. పైగా సీను ఆరు పేజీలయింది, పేజీకి నిమిషం చొప్పున ఆరు నిమిషాలు, జనం ఇంకా పాప్‌కార్న్ పట్టుకుని సీట్లు వెతుక్కుంటుంటారు, అప్పుడు అన్ని మాటలు ఎవరు వింటారు. చివరికి ఫైల్ తెరవాలంటేనే భయం పట్టుకుంది. తెరిచినా వెనక్కెళ్లి మొదటి 37 సీన్లే మళ్లీ మళ్లీ దిద్దుకోవడం, అదీ పనేలే అని సర్దిచెప్పుకోవడం.

దసరాకి ఊరెళ్లా. మా చిన్నమ్మ ఇప్పటికీ బీడీలు చేస్తుంది. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకుని పొద్దంతా ఒళ్లో చాట పెట్టుకుని చుడుతుంది, సాయంత్రం కాగానే చేసినవి లెక్కపెట్టి 25 చొప్పున కట్టలు కడుతుంది. వెయ్యి బీడీలంటే 40 కట్టలు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కానీ చూడనేలేదని ఆ సాయంత్రం అర్థమైంది. "తమ్ముడు ఫోన్ చేసిండా చిన్నమ్మా" అని అడిగా. పలకలేదు. వేళ్లు నడుస్తున్నయ్, పెదాలు కొంచెం కదులుతున్నయ్. కట్ట పూర్తయింది, దారం చుట్టింది, పక్కన పెట్టింది, అప్పుడు తల ఎత్తకుండానే "మొన్న చేసిండు" అంది. ఇంకోటి అడిగా, మళ్లీ అంతే, కట్ట కట్టాకే జవాబు. ఎందుకట్లా అంటే "నడుమ మాట్లాడితే లెక్క తప్పుతది బిడ్డా" అంది.

ఆ రాత్రే మేనల్లుడి లాంగ్ నోట్‌బుక్ అడిగి తీసుకున్నా. మన సినిమావాళ్లు పాత పద్ధతిలో కాగితం మధ్యలో గీత గీసి ఎడమ పక్క యాక్షన్, కుడి పక్క డైలాగ్ రాస్తారు కదా, అట్లా గీశా. గీశాక తెలిసింది, నా పదకొండు వెర్షన్లలోనూ నిండింది కుడి పక్కే, ఎడమ పక్క ఆమె చేతులకి పనే ఇవ్వలేదు నేను. మాటలు రావట్లేదని ఐదు వారాలు కొట్టుకున్నా, అసలు అక్కడ కావలసింది మాటలే కాదు.

సీను ఒకటిన్నర పేజీలో అయిపోయింది. సాయంత్రం, ఆమె కట్టలు కడుతుంటుంది, అతను గోడకి ఆనుకుని కూర్చుంటాడు. "పిల్లలేరి?" అంటాడు. 25 లెక్కపెడుతుంది, దారం చుడుతుంది. "ట్యూషన్‌కు పోయిండ్రు." మళ్లీ లెక్క. అతను ఇంకేదో అడగబోయి, ఆమె పెదాలు కదలడం చూసి ఆగిపోతాడు, కట్ట పూర్తయ్యేదాకా. ఆ ఆగడం రాసినప్పుడు నాకు కళ్లల్లో నీళ్లు తిరిగినయ్. చివరి కట్ట పక్కన పెట్టి ఆమె మొదటిసారి అతని వైపు చూసి అంటుంది, "రేపటికి ఆకు తడుపు."

అతను లేచి బకెట్ వెతుక్కుంటాడు. 39వ సీను అక్కడి నుంచే మొదలుపెట్టా.