క్యాంపు రూములో పిడికెడు బియ్యం

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆదివారం ఆరాధనకు పోయే ఆడవాళ్ల చేతిలో బైబిలుతోపాటు చిన్న మూట కనిపిస్తుంటుంది. ఎసరు పెట్టినప్పుడల్లా వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారం తిరిగేసరికి జమైన బియ్యం పాస్టరయ్యగారింటికో, సంఘంలో పొయ్యి వెలగని ఇంటికో చేరుతుంది. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల, దేవరకొండ దిక్కు మెన్నోనైట్ బ్రెదరెన్ సంఘాలైనా, నల్లగొండ దిక్కు బాప్టిస్టు సంఘాలైనా పిడికెడు బియ్యం అంటే వివరం చెప్పే పని లేదు. ఆ తల్లులు కృతజ్ఞత మీద ప్రసంగాలు చేసినవాళ్లు కారు. కొలిచి పక్కన పెట్టారు, అంతే.

దుబాయికో కువైట్‌కో బతకపోయినవాడు ఊళ్లో విడిచిపోయేది ఆ కొలతనే. ప్రార్థన వెంట వస్తుంది. "ప్రభువా, ప్రాణం ఇచ్చినవు, ఆరోగ్యం ఇచ్చినవు, నీకు స్తోత్రం" అని లేబర్ క్యాంపులో, అంటే కూలీలు ఉండే బసలో, బంకు బెడ్డు మీద వాలినవాడు ఆమెన్ అనకముందే నిద్రపోతాడు. అలసిన మనిషిని తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ మాట ఏ రోజుకైనా పనికొస్తుంది కాబట్టి, ఇవాళ్టిది అనిపించదు. రెండు నెలలకు నాలుకకు అలవాటై మనసుకు తగలడం మానేస్తుంది. వెయ్యి స్తోత్రాలు ఏకబిగిన చదివేవాళ్లున్నారు, వాళ్ల ఓపికకు దండం. పన్నెండు గంటల డ్యూటీ చేసినవాడికి మాత్రం వెయ్యి కన్నా మూడు నయం.

దీనికి చేయాల్సింది, స్తోత్రాన్ని ఎట్లాగూ జరిగే పనికి తగిలించడం. అన్నిటికన్నా గట్టి కొక్కెం నీళ్లు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి దిక్కు పుట్టినవాడికి మంచినీళ్ల విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడు బోరునీళ్లు తాగి తాగి నడుములు వంగిపోయిన పెద్దమనుషులను, కాళ్లు వంకర పోయిన పిల్లలను చూస్తూ పెరిగినవాడు వాడు. గల్ఫ్‌లో నల్లా తిప్పితే వచ్చేవి చాలామటుకు సముద్రంలోంచి తోడి ఉప్పు తీసిన నీళ్లు. ఎండలో బరువు పని చేసేవాళ్లు దూప కోసం చూడకుండా పావుగంటకో ఇరవై నిమిషాలకో పావు లీటరు తాగాలన్నది భద్రత నియమం. అంటే గంటకు మూడు నాలుగు గ్లాసులు. మొదటి గుక్కకు ముందు ఒక్క మాట, "ఈ నీళ్లకు స్తోత్రం" అనుకుంటే చాలు. కళ్లు మూయనక్కర్లేదు, పక్కవాడికి తెలియనక్కర్లేదు. స్తోత్రం కోసమని గుర్తుపెట్టుకుని తాగే గ్లాసు వడదెబ్బ నుంచి కూడా కాపాడుతుంది. రెండు పనులూ ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి.

ఇక రాత్రి నోటుబుక్కు. జేబులో పట్టే చిన్నది చాలు. మూడు లైన్లు, అంతకు మించి వద్దు. ప్రతి లైనులో ఒక వస్తువో, మనిషో, సమయమో ఉండాలి. నిన్న రాసినదాన్ని ఇవాళ రాయడానికి వీల్లేదు. ఒక పేజీ ఎట్లుంటుందంటే:

"బాత్రూం లైన్ల నలుగురే ఉన్నరు. పది గంటలకు బిహారీ తమ్ముడు తన చాయిల సగం పోసిండు. కొత్త బూట్లు కరుస్తలేవు."

ఇంతే. ఇందులో మహాద్భుతం ఏమీ లేదు. 'ఆరోగ్యం' అని రాస్తే కలం ఆగదు, 'బూట్లు కరుస్తలేవు' అని రాయాలంటే మాత్రం పొద్దటి నుంచి తన కాళ్లు ఎట్లున్నాయో ఒకసారి తలుచుకోవాలి. నూట మూడో కీర్తన రెండో వచనం ఆయన చేసిన ఉపకారాల్లో దేన్నీ మరువవద్దు అంటుంది. దేన్నీ అన్నప్పుడు ఒక్కొక్కటీ వేరుగా గుర్తుండాలి కదా.

రోజూ రాస్తే పదిహేను రోజులకు చప్పబడుతుంది. వారానికి మూడు రాత్రులు చాలు. తప్పిపోయిన రోజును మర్నాడు పూడ్చవద్దు, పూడ్చడం మొదలైతే అబద్ధం మొదలవుతుంది. నైట్ షిఫ్టు వాళ్లు పొద్దున పడుకునే ముందు రాసుకోవచ్చు. సౌదీలో చర్చిలు లేవు, అక్కడ రూములో ప్రార్థన కూడిక పెట్టి చిక్కుల్లో పడేకన్నా ఫోనులో మూడు లైన్లు రాసుకుని మౌనంగా ప్రార్థించుకోవడమే తెలివి.

పేజీలో మెల్లగా దూరే చీడ ఒకటుంది, పోలిక. "పక్క క్యాంపుల రూముకు పన్నెండుగురు, మాకు ఆరుగురే, స్తోత్రం" అనిపిస్తుంది. లూకా పద్దెనిమిదో అధ్యాయంలో పరిసయ్యుడి, అంటే తన నిష్ఠను చూసి మురిసే మతపెద్ద, ప్రార్థన మొదలైంది సరిగ్గా ఈ రాగంలోనే: నేను ఇతరుల వంటివాణ్ని కానందుకు కృతజ్ఞతలు. పక్కవాడి కష్టం లేకపోతే నిలబడని లైనును కొట్టేయాలి.

అదే నోటుబుక్కును తిరగేసి వెనక పేజీ నుంచి ఇంకో లెక్క మొదలుపెట్టాలి. తేదీ, డ్యూటీ ఎక్కిన టైము, దిగిన టైము, ఓవర్‌టైం గంటలు, చేతికొచ్చిన జీతం. ముందు నుంచి దేవుని లెక్క, వెనక నుంచి కంపెనీ లెక్క. రెండూ కలిపితే ప్రమాదం. జీతం మూడు నెలలుగా ఆగినప్పుడు "అన్నిటికీ స్తోత్రం చెప్పాలె, సణగొద్దు" అని సలహా ఇచ్చే సోదరులు ప్రతి కూడికలో ఒకరిద్దరు ఉంటారు. వాళ్లు చూపేది థెస్సలొనీకయుల మొదటి పత్రిక 5:18. అక్కడ ఉన్నది ప్రతి విషయమునందును అని. కష్టంలో ఉండి కూడా స్తుతించమనే గాని కష్టాన్నే స్తుతించమని కాదు. ఎఫెసీ 5:20లో సమస్తమునుగూర్చి అని ఉంది కదా అని అడిగేవాళ్లకు యాకోబు 5:4 తీసి చూపాలి. చేలు కోసినవాళ్లకు ఇవ్వకుండా బిగపట్టిన కూలి మొరపెడుతోందనీ, ఆ మొర ప్రభువు చెవిన పడిందనీ రాసి ఉంది అందులో. ఆపిన కూలి గురించి దేవుడు వినేది మొరనే. ఆ మొరతోపాటు కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టాలి, ఇండియన్ ఎంబసీ తలుపు తట్టాలి, మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో నమోదు చేయాలి. అప్పుడు వెనక పేజీలే సాక్ష్యం చెబుతాయి.

మధ్యాహ్నపు విరామమూ ఇట్లాంటిదే. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా 12.30 నుంచి 3 గంటల వరకు, కువైట్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో 11 నుంచి 4 వరకు, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా 10 నుంచి 3.30 వరకు ఎండలో ఆరుబయట పని చేయించకూడదు. నీడలో నడుము వాల్చినప్పుడు దేవునికి వందనం చెప్పుకోవచ్చు. ఫోర్‌మన్ దయ చేశాడనుకోవద్దు, అది చట్టం.

ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంకో రకం పొరపాటు జరుగుతుంది.

"మంచిగున్నవానయ్యా?"

"ఆ, దేవుని దయవల్ల మంచిగనే ఉన్న."

నడుము పట్టేసి రెండు రోజులు డ్యూటీ పోయినా ఇదే జవాబు. ఇక్కడ కృతజ్ఞత దుప్పటి పని చేస్తుంది, లోపల ఏముందో కప్పేస్తుంది. ఇంటామె అదే నమ్మి, ఈ నెల చిట్టీ కట్టి బిడ్డ కాలేజీ ఫీజు కూడా పంపమంటుంది, ఆమె తప్పేం లేదు. పదమూడో కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. ఎంతకాలం నన్ను మరచిపోతావని మొదలై, ఆయన చేసిన మేలుకు పాటతో ముగుస్తుంది. ఫోనులోనూ ఆ వరసే మేలు: ముందు నడుము సంగతి, తర్వాత మాత్ర తెచ్చిచ్చిన రూమువాడి సంగతి. కువైట్, ఖతార్, సౌదీలు మనకన్నా రెండున్నర గంటలు వెనక, ఎమిరేట్స్, ఒమన్ గంటన్నర వెనక. ఊళ్లో రాత్రి ఎనిమిదిన్నరకు కుటుంబ ప్రార్థన అయితే కువైట్‌లో ఆరు, అప్పటికి మనిషి ఇంకా బస్సులోనే ఉంటాడు. కాబట్టి ఒక నిమిషం వాయిస్ మెసేజ్ ముందే పంపి పెడితే పిల్లలు ప్రార్థనలో నాన్న గొంతు వింటారు.

బియ్యం దగ్గరికి వద్దాం. ఆరుగురు కలిసి వండుకునే రూములో రోజుకు ఒక్కపూట తలా పిడికెడు పక్కన పెడితే ఎంతవుతుంది? పిడికెడు సుమారు 50 గ్రాములు. ఆరుగురివి 300, నెలకు 9 కిలోలు. ఒక మనిషి రెండు పూటలా తినే బియ్యం అంతే. కొత్తగా దిగినవాడికి మొదటి జీతం రావడానికి నెల దాటుతుంది, జేబులో ఏజెంటు మిగిల్చింది తప్ప ఏమీ ఉండదు. ఆ తొమ్మిది కిలోలు వాడివి. వాడు ఏ మతంవాడని అడగొద్దు, తిన్నందుకు కూడికకు రమ్మని అసలే అడగొద్దు. డబ్బా మూత బిగుతుగా ఉండాలి, లేకుంటే పురుగు పడుతుంది. నెలాఖరున మిగిలింది వండేసి కొత్తది మొదలుపెట్టాలి. ఒక జాగ్రత్త: రూములో బియ్యం పంచుకోవడం వేరు, క్యాంపంతా తిరిగి పైసలు పోగుచేయడం వేరు. ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా విరాళాలు వసూలు చేయడం నేరం, మంచి పనికైనా సరే.

పైసల కానుక సంగతి కాస్త కఠినంగానే చెప్పాలి. నూటికి రెండు రూపాయల మిత్తికి లక్షన్నర తెచ్చి వీసా కొన్నవాడికి మిత్తి ఒక్కటే నెలకు 3,000. ఇంకా మొదటి జీతం రాకముందే ఊరి నుంచి ఫోను వస్తుంది: చర్చికి సౌండ్ బాక్సులు, ప్రహరీ గోడ, దుబాయి అన్న పేరు శిలాఫలకం మీద. మొక్కు పేరుతో మాటిచ్చి ఇంకో అప్పు చేసినవాళ్లు తక్కువేం లేరు. రెండో కొరింథీ 8:12 ప్రకారం కలిమి కొలది ఇచ్చిందే ప్రీతికరం, శక్తికి మించి కాదు. అప్పు తీరేదాకా చిన్న కానుక ఇస్తానని పాస్టరయ్యకు ముఖం మీదే చెప్పొచ్చు, మర్యాద తప్పినట్టేం కాదు.

శుక్రవారం కూడికల్లో, అంటే కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలోనో, దోహా మెసైమీర్‌లోనో, దుబాయి జబల్ అలీలోనో ఉన్న చర్చిల్లో, సాక్ష్యాల వంతు, అంటే దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే వంతు, వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురే సమయమంతా తినేస్తారు. పాతికమందికి తలా రెండు నిమిషాలిస్తే యాభై నిమిషాలు. ఒకటే సంగతి, ఈ వారందే, గడియారం చూసే మనిషి ఒకడుండాలి. వీసాకు, ప్రమోషన్‌కు చప్పట్లు వాటంతటవే వస్తాయి. బూట్లు కరవడం లేదన్నవాడికీ రావాలంటే పెద్దలు ముందుగా తామే అట్లాంటి చిన్న సాక్ష్యం చెప్పాలి.

సెలవు మీద ఊరికొచ్చినప్పుడు కృతజ్ఞత కూడిక ఎట్లాగూ పెడతారు. వందమందికి బగారన్నం అంటే 12, 13 కిలోల బియ్యం. మటన్ పెడితే ఖర్చంతా దాని దగ్గరే. పప్పుచారు, వంకాయ కూర పెడితే ఎవరూ లేచిపోరు. అసలు జాగ్రత్త పడాల్సింది ఆ రోజు మైకులో చెప్పే మాటల దగ్గర. వెనక వరసలో ఇంటర్ తప్పిన పిల్లలు కూర్చుని వింటుంటారు. మెడలో గొలుసు, చేతిలో ఫోను చూపించి "దేవుడు నన్ను హెచ్చించిండు" అని దిగిపోతే, ఆ పిల్లల్లో ఒకడు సోమవారం పొద్దున్నే పాస్‌పోర్టు పట్టుకుని ఏజెంటు ముందు నిలబడతాడు. కాబట్టి చాయిలో సగం పోసిన బిహారీ తమ్ముడి సంగతి చెప్పాలి. రూములో ఎంతమంది పడుకున్నారో, ఎండ ఎంతుందో, అప్పు తీరడానికి ఎన్ని నెలలు పట్టిందో చెప్పాలి. ఏజెంటు ఎంత తీసుకున్నాడో ఆ అంకె కూడా మైకులోనే చెప్పాలి.