నీలం పోగు

జ్యూరిక్ పక్కనున్న ల్యాబ్‌లో చేరిన రెండో వారమే నా పరువు పోయింది. ఉత్త శుద్ధజలం వడగట్టిన ఫిల్టరు మీద, అంటే ఏమీ ఉండకూడని చోట, మైక్రోస్కోపు కింద నీలం పోగొకటి వంకర తిరిగి పడుకుంది. ఏ పదార్థమో చెప్పే ఇన్‌ఫ్రారెడ్ పరీక్షలో పెడితే పాలియెస్టర్ అని తేలింది. అందరూ నా వైపు చూశారు. చలికి తాళలేక దిగిన రోజే కొనుక్కున్న నీలం ఫ్లీస్ కోటు, అదీ పాలియెస్టరే మరి! అప్పట్నుంచి పనిలోకి నూలు బట్టలే. "ఇవెక్కడ వేసుకుంటానమ్మా" అని విసుక్కుంటూ తెచ్చుకున్న మంగళగిరి చుడీదార్లే నాకు యూనిఫాం.

మురుగునీటిలోని ప్లాస్టిక్ రేణువుల్ని ఆక్సీకరణతో వదిలించుకోవచ్చా అన్నది మా పని. నీటిలోని మలినాల్ని ఆక్సీకరించి విరగ్గొట్టే ఓజోన్ వాయువు స్విట్జర్లాండ్‌కి కొత్త కాదు. ద్యూబెన్‌డోర్ఫ్‌లోని నోయ్‌గుట్ శుద్ధి కేంద్రంలో 2014 నుంచే పూర్తిస్థాయిలో వాడుతున్నారు. 2016 నాటి నిబంధన ప్రకారం ఎంపిక చేసిన కేంద్రాలు మందుల అవశేషాల్లాంటివాటిని 80 శాతం తగ్గించాలి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు ఓజోన్ తగిలితే ఇట్టే విరిగిపోతుంది. పాలిథీన్ మాత్రం మొండిఘటం.

అందుకే ఫెంటన్ పద్ధతి పట్టాం. ఇనుప లవణం, హైడ్రోజన్ పెరాక్సైడ్, పీహెచ్ 3 దగ్గర, అంటే బాగా పులుపెక్కిన నీటిలో. అందులో పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ అనే క్షణభంగుర కణం దేన్ని పడితే దాన్ని కరుస్తుంది. చివర్లో క్షారం కలపగానే తుప్పురంగు బురద దిగుతుంది. రేణువులు అందులో ఇరుక్కుంటాయి. మళ్లీ ఆమ్లం పోసి కరిగిస్తే గానీ లెక్కకి దొరకవు. రోజుల తరబడి కలియబెట్టి లెక్కేస్తే తగ్గాల్సింది పోయి పెరిగాయి. ఒకటి పగిలి నాలుగయ్యాయి! ఇన్‌ఫ్రారెడ్ గ్రాఫులో కొత్త శిఖరం లేచింది. ఆక్సిజన్ అతుక్కున్న గుర్తది. ప్లాస్టిక్ చావలేదు, ముసలిదైందంతే.

ఇప్పుడు "తొలగించాం" అని ఎవరు రాసినా, బరువు లెక్కా, రేణువుల లెక్కా, ఎంత సైజు దాకా చూశారు అని వెతుకుతాను. ఫిల్టరు రంధ్రం కంటే చిన్నదైపోతే కాగితం మీద మాయమైనట్టేగా.

"మరి ఆ చెత్తంతా ఎటు పోతుంది తల్లీ?" అంది అమ్మ ఫోన్లో.

"చాలావరకు శుద్ధి కేంద్రంలో మిగిలే బురదలోకేనమ్మా. ఇక్కడ దాన్ని పొలాలకి వెయ్యనివ్వరు. 2006 నుంచి కాల్చడమే."

ఫ్లీస్ ఇంకా నా దగ్గరే ఉంది. జనవరిలో ట్రాము కోసం నిలబడాలంటే అదే దిక్కు. ల్యాబ్ గుమ్మం దగ్గర విప్పి సంచిలో కుక్కేస్తాను. ఉతికితే పోగులు రాలి మురుగులోకే పోతాయని, ఉతకడమే వాయిదా వేస్తున్నా.