దొంగ త్రాసు

ఈ ఆదివారం సంఘంలో బైబిల్లోని సామెతల గ్రంథం 11వ అధ్యాయం చదివారు. దొంగ త్రాసు దేవునికి హేయం, సరైన తూకపు గుండంటే ఆయనకిష్టం అని మొదలవుతుంది. వెంటనే మా వీధి చివర చేపలమ్మే అక్క గుర్తొచ్చింది.

అక్క ముందు ఖాళీ పళ్లెం పెట్టి సున్నా చూపిస్తుంది. చేపని పైకెత్తి నీళ్లన్నీ ఓడ్చాకే కాటా మీద వేస్తుంది. "తడితో తూస్తే నాలుగు డబ్బులు మిగులుతాయి కదక్కా" అన్నానోసారి. "మిగులుతాయమ్మా. ఆ కూడు ఒంటికి పట్టాలి కదా" అంది.

సామెతలు 20:17 చెప్పేదీ అదే. మోసంతో తెచ్చుకున్న తిండి మొదట తియ్యగానే ఉంటుంది, తర్వాత నోటినిండా మట్టే. అప్పట్లో వర్తకులు సంచిలో రెండు రాళ్లు దాచేవారట, కొనడానికి పెద్దది, అమ్మడానికి చిన్నది. ద్వితీయోపదేశకాండం 25లో దేవుడు దాన్ని సూటిగా వద్దన్నాడు.

పాపానికి శిక్ష చనిపోయాకే అనుకుంటాం గానీ, ఎవరూ తరమకుండానే దుష్టుడు పారిపోతాడని సామెతలు 28:1లో ఉంది. ఆ భయం, ఆ టెన్షన్ ఇక్కడే మొదలవుతాయి. నీతిమంతుడు సింహంలా ధైర్యంగా ఉంటాడనీ అక్కడే ఉంది. ఆ ధైర్యం నేను అక్కలో చూశాను. ఎవరైనా తూకం మీద అనుమానపడితే ఆమెకు కోపం రాదు. "ఎదురు కొట్లో తూయించుకుని రా, ఇక్కడే ఉంటా" అని నవ్వుతూ పంపిస్తుంది.