శనివారం: ఏటి పక్కన, సినిమా హాలు లేని చోట

విల్నియస్, లిథువేనియా రాజధాని. నవంబరు.

ఎనిమిదికి గానీ వెలుతురు రాలేదు. వచ్చాక కూడా ముసురు వదల్లేదు. బట్టలు మిషన్లో వేసి, సంచి పట్టుకొని హాలెస్ మార్కెట్‌కు వెళ్ళాను. 1906లో కట్టిన బజారు అది. పైన ఇనుప దూలాలు, కింద పులియబెట్టిన క్యాబేజీ వాసన. మాంసం అంగళ్ళు దాటాక, చివరి బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఎండు పుట్టగొడుగులు అమ్ముతుంది. దారానికి గుచ్చి దండలుగా వేలాడదీస్తుంది. ముక్క చేతిలోకి తీసుకుంటే తోలులా గట్టిగా ఉంటుంది, అంచు గోధుమరంగు, మధ్యలో లేత పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తడిసిన మట్టి వాసన ఇంకా పోలేదు. ఎక్కడివి అని అడిగాను. వారేనా వైపు అడవివి అంది. ఎవరు ఏరారని అడిగితే, తనూ తన కోడలూ అంది. కోడలి పేరు చెప్పేటప్పుడు ఆమె గొంతులో కాస్త గర్వం వినిపించింది.

ఈ దేశంలో మూడో వంతు అడవే. ప్రభుత్వ అడవుల్లో ఎవరైనా వెళ్ళి పుట్టగొడుగులు, పళ్ళు ఏరుకోవచ్చు. సెప్టెంబరు వస్తే ఆఫీసులో మేనేజరు మొదలు కాపలాదారు వరకు అందరి మాటా అదే. ఎవరికి ఎన్ని దొరికాయో చెప్పుకుంటారు గానీ ఏ చోట దొరికాయో మాత్రం చెప్పరు. ఇక్కడికి వచ్చిన కొత్తలో వీళ్ళ కళాకారులు అడవిని, నదిని, ఇసుకను అంతగా ఎందుకు పట్టుకుంటారో నాకు అర్థమయ్యేది కాదు. ప్రకృతి మీద ప్రేమ ఎక్కువ కాబోలు అనుకొని ఊరుకునేదాన్ని. ఇప్పుడు అలా అనిపించడం లేదు. వీళ్ళకు అడవి చూసి వచ్చే చోటు కాదు, వెళ్ళి పని చేసుకొని వచ్చే చోటు. కళలో కూడా అదే వరస: చూడటానికి వచ్చినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు.

బియెన్నాలె అంటే వెనిస్‌లో దేశదేశాలవాళ్ళు తమ పని తెచ్చి పెట్టే పెద్ద ప్రదర్శన. 2023లో అక్కడి ఆర్కిటెక్చర్ బియెన్నాలెకు లిథువేనియా తరఫున వెళ్ళింది 'పిల్లల అడవి' అనే ప్రదర్శన. జుర్గా దౌబరైటే, ఏగియా ఇన్‌జూలే, యోనాస్ ఝుకౌస్కస్ దాన్ని రూపొందించారు. అడవి ఎలా పెరుగుతుందో, ఎవరు పెంచుతారో, ఎవరు నరుకుతారో పిల్లలు ఆడుకుంటూ తెలుసుకునే చోటు అది. దాని వేళ్ళు కురోనియన్ ఇసుకతిన్నె మీద ఉన్నాయి. బాల్టిక్ సముద్రానికీ సరస్సులాంటి ఒక పెద్ద కయ్యకూ మధ్య 98 కిలోమీటర్ల పొడవున సాగిన సన్నని నేల అది. దక్షిణ భాగం రష్యాది, ఉత్తర భాగం లిథువేనియాది. ఒకప్పుడు అక్కడ చెట్లన్నీ కొట్టేశారు. ఇసుక కదలడం మొదలుపెట్టి ఊళ్ళకు ఊళ్ళను కప్పేసింది. ఆ తర్వాత పందొమ్మిదో శతాబ్దంలో, ఇసుకను ఆపడానికి మనుషులు మొక్క తర్వాత మొక్క నాటుకుంటూ పోయారు. ఈ రోజు నీదా ఊళ్ళో బస్సు దిగి, ఆహా ఎంత సహజమైన అడవి అని మనం ఫోటో తీసుకునే పైన్ చెట్లలో చాలా భాగం అలా నాటినవాటి సంతానమే. యునెస్కో 2000లో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరంతా కలిసి చేసిన అంత పెద్ద పని ముందు ఏ శిల్పం నిలుస్తుంది? పిల్లలకు అడవి గురించి చెప్పాలంటే అక్కడినుంచే మొదలుపెట్టాలి అనుకున్నవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

ఒక దండ కొన్నాను. క్యాబేజీ, నల్ల రొట్టె కూడా. బజారు నుంచి నేరుగా ఇంటికి పోకుండా, ముసురు కాస్త తెరిపి ఇచ్చిందని ఉజుపిస్ వైపు నడిచాను.

ఉజుపిస్ అంటే ఏటి అవతలి పేట. 1997 ఏప్రిల్ 1న అక్కడి కళాకారులు, వాళ్ళ ఇరుగుపొరుగు కలిసి తమది స్వతంత్ర గణతంత్రమని ప్రకటించుకున్నారు. జెండా పెట్టుకున్నారు, రాజ్యాంగం రాసుకున్నారు. పర్యాటకులకు అదొక సరదా. నాకు మాత్రం ఆ రాజ్యాంగం మొదటి అధికరణం చదివిన ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. విల్నేలె ఏటి పక్కన బతికే హక్కు ప్రతి మనిషికీ ఉంది, ప్రతి మనిషి పక్కనుంచి పారే హక్కు విల్నేలె ఏటికీ ఉంది: ఇదీ దాని సారాంశం. నదులకు హక్కులుండాలని న్యాయస్థానాల్లో వాదనలు జరగడం ఇప్పుడు మనం వార్తల్లో చూస్తున్నాం. ఒక పాడుబడిన పేటలో ఉన్నవాళ్ళు అంతకు ఎంతో ముందే ఆ మాటను మొదటి వాక్యంగా రాసుకున్నారు.

పౌపియో వీధి గోడ మీద ఆ రాజ్యాంగం ఎన్నో భాషల్లో వరుసగా ఉంటుంది. పలకలు అద్దంలా మెరిసే లోహంతో చేసినవి. ఈ రోజు వాటి మీద చినుకులు నిలిచి ఉన్నాయి. దగ్గరికి వెళ్ళి చదువుతుంటే అక్షరాల వెనక నా ముఖం, నా వెనక తడి గోడ, గొడుగు పట్టుకొని పోతున్న ఒక ముసలాయన. ఆయన ఆగి, కుక్కకు కుక్కగా ఉండే హక్కుందన్న వాక్యం మీద వేలుపెట్టి, పక్కనే ఉన్న తన కుక్కను చూశాడు. కుక్క అప్పుడు గోడ మూల వాసన చూస్తోంది.

వంతెన దగ్గర ఉండగా స్నేహితురాలు హైదరాబాద్ నుంచి ఫోను చేసింది. మొన్న నేను పంపిన 'సన్ అండ్ సీ' వీడియో చూసిందట. 2019 వెనిస్ బియెన్నాలెలో పెద్ద బహుమతి, బంగారు సింహం, గెలుచుకున్న లిథువేనియా ఒపేరా అది. "ఏమే, ఇసుకలో తువ్వాలు పరుచుకొని పడుకుంటే బంగారు సింహం ఇచ్చారా? మేము బాపట్ల బీచికి వెళ్ళినప్పుడు మాకెవరూ ఏమీ ఇవ్వలేదే" అంది. నవ్వాను గానీ జవాబు చెప్పకుండా వదలబుద్ధి కాలేదు. వంతెన మీద నిలబడే చాలాసేపు చెప్పాను.

'సన్ అండ్ సీ' ముగ్గురు ఆడవాళ్ళ పని. రుగిలె బర్జ్‌జుకైటే, వైవా గ్రైనీటే, లీనా లపెలీటే. ఒకరు సినిమా, నాటకం వైపు నుంచి వచ్చారు, ఒకరు రచయిత్రి, ఒకరు సంగీతం చేసే మనిషి. మొదట 2017లో ఇక్కడే, విల్నియస్‌లోని జాతీయ చిత్రశాలలో, లిథువేనియన్ భాషలో ప్రదర్శించారు. 2019లో వెనిస్‌లో నౌకాదళానికి చెందిన ఒక భవనంలోకి ఇసుక తెచ్చి పోసి బీచి చేశారు. ప్రేక్షకులు పై అంతస్తు చుట్టూ నిలబడి కిందికి చూస్తారు. కింద మనుషులు పడుకొని ఉంటారు, పుస్తకం చదువుతుంటారు, పిల్లలు ఆడుతుంటారు, కుక్క తిరుగుతుంటుంది. అందులో కొందరు పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే పాడతారు. ఒకామె ఎండ తగలకుండా పూసుకునే క్రీము గురించి, ఇంకొకామె తాను చూసివచ్చిన సముద్రాల గురించి, ఒకాయన పని ఒత్తిడితో అలిసిపోవడం గురించి. భూమి వేడెక్కుతోందని ఎవరూ గుండెలు బాదుకోరు. సెలవు రోజు మాటల్లోంచే ఆ భయం నెమ్మదిగా పైకి వస్తుంది.

నేను తనకు చెప్పాలనుకున్నది ఇది. ఆ ఇసుక మీద పాడేవాళ్ళు కొందరే. మిగతావాళ్ళు ఆ ఊరివాళ్ళు, దారిన వచ్చినవాళ్ళు. రండి, మీ తువ్వాలు మీరే తెచ్చుకోండి, కాసేపు ఇక్కడ పడుకోండి అని పిలిస్తే వచ్చారు. వాళ్ళు లేకపోతే అది బీచి కాదు, వేదిక అవుతుంది. పైనుంచి చూస్తున్నవాడికి ఎవరు గాయకులో, ఎవరు పొరుగువాళ్ళో తెలియదు. తను కూడా కింద ఉండగలిగేవాడినే కదా అనిపించిన క్షణంలో వాడికి ఆ పాట తగులుతుంది. రోజూ ప్రదర్శించడానికి డబ్బు చాలక, జనం దగ్గర చందాలు పోగుచేసి మరీ నడిపారు. బహుమతి వచ్చాక ఆ మాట ఎవరూ గుర్తుచేసుకోవడం లేదు, నేను మాత్రం అందరికీ చెబుతుంటాను.

"అయితే పాట రాకపోయినా ఫరవాలేదన్నమాట" అంది తను. వాళ్ళ అబ్బాయి ఏదో పడేశాడు, ఫోను పెట్టేసింది.

ఏటి గట్టున, రాళ్ళ సందుల్లో, చలికి వాడిపోతున్న ఒక రకం మొక్కలున్నాయి. ఆకుల అంచు రంపంలా ఉంటుంది. కాడ మీద కంటికి సరిగా ఆనని నూగు. చేయి తగిలితే చుర్రుమని మండుతుంది. ఇక్కడివాళ్ళు వసంతంలో వాటి లేత ఆకులు కోసి సూపు చేసుకుంటారు. లీనా లపెలీటే 2022లో పారిస్‌లోని లఫాయెత్ ఆంటిసిపాసియోఁ కళాకేంద్రంలో ఇవే మొక్కలను లోపల పెంచి, వాటి మధ్య మనుషులతో పాడించింది. 'ద మ్యూట్స్' అని దాని పేరు. ఏరి కోరి తెచ్చుకున్న ఆ మనుషులు గాయకులు కారు. నీకు శృతి లేదు, నువ్వు పాడకు అని జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు అనిపించుకున్నవాళ్ళు.

దీని గురించి మొదట చదివినప్పుడు నేను కూర్చున్న చోటు నుంచి లేవలేకపోయాను. ఆరో తరగతిలో ప్రార్థన గీతం పాడే గుంపులో నన్ను వెనక వరుసకు మార్చి, "నువ్వు పెదవులు కదుపు తల్లీ, చాలు" అన్నారు టీచరుగారు. కోపంగా కాదు, చాలా మెత్తగా అన్నారు. ఆ తర్వాత పెళ్ళిళ్ళలో, హారతుల దగ్గర, చివరికి పుట్టినరోజు కేకు ముందు కూడా నేను పెదవులే కదుపుతూ వచ్చాను.

లిథువేనియాలో ఇలాంటి మనిషిగా ఉండటం మరీ కష్టం. పాటల పండగ వీళ్ళకు 1924లో కౌనాస్‌లో మొదలైంది, ఇప్పటికీ వేలమంది ఒకే మైదానంలో నిలబడి పాడతారు. సోవియట్ పాలన నుంచి బయటపడిన ఉద్యమాన్నే పాటల విప్లవం అంటారు. 1989 ఆగస్టు 23న విల్నియస్ నుంచి రిగా మీదుగా తాలిన్ దాకా మూడు దేశాలవాళ్ళు చేయీ చేయీ పట్టుకొని నిలబడ్డారు. అంతగా కలిసి పాడే దేశంలో పుట్టిన మనిషికే, పాడొద్దన్నవాళ్ళు ఏమైపోయారు అన్న ప్రశ్న రావడం నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. తాకితే కుట్టే మొక్కను, వినడానికి ఎవరూ ఒప్పుకోని గొంతును ఒకే గదిలో పెట్టింది లీనా. రెంటినీ ఎవరూ నాటరు, పీకేస్తారు, అయినా రాళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంటాయి.

చేతి తొడుగు తీసి ఒక ఆకును వేలితో తాకి చూశాను. నవంబరు కదా, మండదేమో అనుకున్నాను. మండింది.

తిరిగి వస్తూ పాలకోసం సూపర్‌మార్కెట్‌లోకి వెళ్ళాను. బిల్లు కొట్టే అమ్మాయి "గెరోస్ దియెనోస్" అంది, మంచి రోజు కావాలని. 'సన్ అండ్ సీ' చేసిన ముగ్గురే అంతకుముందు ఆ మాటనే పేరుగా పెట్టి పదిమంది క్యాషియర్లతో ఒక ఒపేరా చేశారు. మిషను చేసే కీచు శబ్దాలు కూడా అందులో సంగీతమే. ఆ సంగతి తెలిశాక బిల్లు దగ్గర నిలబడి ఫోను చూడటం మానేశాను.

పీలిమో వీధిలో మో మ్యూజియం ముందు ఎప్పటిలాగే జనం. తెల్లటి భవనం, మధ్యలోంచి పైకి పోయే మెట్లు, డేనియల్ లీబెస్కిండ్ గీసిన నమూనా. విక్టొరాస్ బుత్కుస్, దంగుయోలె బుత్కియేనె అనే శాస్త్రవేత్తల దంపతులు సొంత డబ్బుతో సేకరించిన చిత్రాలకు అక్కడ కట్టిన ఇల్లు 2018 అక్టోబరులో తెరుచుకుంది. మెట్ల మీద కూర్చోవడం నాకు ఇష్టం. అయినా అక్కడికి వెళ్ళినప్పుడల్లా లేని భవనం ఒకటి గుర్తొస్తుంది. అదే స్థలంలో 1965 నుంచి లియెతువా అనే పెద్ద సినిమా హాలు ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక నగరంలో సినిమా హాళ్ళు ఒక్కొక్కటే ప్రైవేటు చేతుల్లోకి పోయి మూతపడుతుంటే, 2005లో నొమెదా, గెదిమినాస్ ఉర్బొనాస్ దంపతులు ఈ హాలు టికెట్ల గదిలో తమ పని మొదలుపెట్టారు. పేరు ప్రో-టెస్ట్ ల్యాబ్. నిరసన ఎలా చెప్పవచ్చో ఎవరైనా వచ్చి ప్రయత్నించి చూడండి అన్నారు. విద్యార్థులు, రిటైరైనవాళ్ళు, పక్క వీధివాళ్ళు వచ్చారు. సినిమా హాలు కోసమే కాదు, నగరంలో అందరిదీ అనిపించే చోటు ఒకటి మిగలాలని.

వాళ్ళే 2007 వెనిస్ బియెన్నాలెలో పావురాలు పెంచేవాళ్ళను కలుపుకొని 'విల్లా లితువానియా' చేశారు. యుద్ధానికి ముందు రోములో లిథువేనియా రాయబార కార్యాలయంగా ఉండి, దేశంతో పాటే సోవియట్ చేతికి పోయి, ఇప్పటికీ తిరిగిరాని ఒక ఇంటి గురించిన పని అది. గూటికి తిరిగి వచ్చే పక్షులను తిరిగిరాని ఇంటి కోసం పిలిచారు. 2018లో మళ్ళీ వెనిస్‌లోనే చిత్తడినేలల బడి పెట్టారు. ఈ రెండింటి కంటే కూడా నాకు టికెట్ల గదే దగ్గర. ఎందుకంటే అక్కడ ఓడిపోయారు. హాలును కూల్చేశారు.

సాయంత్రం నాలుగు దాటగానే చీకటి. ఎండు పుట్టగొడుగులు నీళ్ళలో నానబెట్టి, పక్కింటి ఆవిడకు సగం ఇద్దామని తలుపు తట్టాను. డెబ్బై దాటిన మనిషి. మాటల్లో సినిమా హాలు సంగతి వచ్చింది. "నేను వెళ్ళాను ఆ గదికి, చాలాసార్లు" అంది. నాకు తెలియనే తెలియదు. అక్కడ ఏం చేసేవారని అడిగితే, టీ తాగేవాళ్ళం, వాదించుకునేవాళ్ళం, ఒకరోజు అట్టముక్కల మీద రాసేవాళ్ళం, ఇంకోరోజు సినిమా వేసుకునేవాళ్ళం అంది. మో మ్యూజియంలోకి ఇంతవరకు అడుగు పెట్టలేదట. మంచి చిత్రాలున్నాయండీ, ఒక్కసారి రండి అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నువ్వు వెళ్ళు. నీకు అక్కడ ఏమీ పోలేదు" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నాకు ఆ మెట్లూ ఇష్టమే, ఆవిడ పట్టుదలా ఇష్టమే.

ఆ గదిలో పరిచయమైన నలుగురితో ఆవిడ ఇప్పటికీ ప్రతి సెప్టెంబరులో అడవికి వెళ్తుంది. నేనిచ్చిన పుట్టగొడుగులు వాసన చూసి, ఫరవాలేదు, మావి ఇంకా బాగుంటాయి అంది. వచ్చే ఏడు నన్నూ తీసుకువెళ్తానంది. దారిలో పాడుకుంటూ నడుస్తారట, ఒకరికొకరు దూరమైపోకుండా. నాకు పాట రాదని చెప్పాను. అరిచినా చాలు, వినపడాలి అంతే అంది. పొడుగు రబ్బరు బూట్లు, చిన్న చాకు, వెదురు బుట్ట ఉండాలట. బుట్ట ఆవిడ ఇస్తుంది. బూట్లు నేను కొనుక్కోవాలి.