బావగారికి రెండు టికెట్లు

"రెండు సీట్లు తీసెయ్యవోయ్, మళ్లీ ఆ గొడవ పడలేను" అన్నారు బావగారు, పొద్దున్న విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతూ. వెళ్లేది ఆయనొక్కరే, విశాఖ నుంచి హైదరాబాద్‌కి విమానంలో. మనిషి భారీ, ఒక్క సీటులో పట్టరు.

క్రితంసారి పక్కాయన దిగేదాకా మోచేత్తో సరిహద్దు గీస్తూనే ఉన్నాడట. బెల్టు చాలక ఎక్స్‌టెన్షన్ అడిగితే, ఎయిర్‌హోస్టెస్ ఆ నారింజరంగు బెల్టుని అందరికీ కనిపించేలా ఊపుకుంటూ తెచ్చింది. "వెనక సీటు పిల్లాడు నాకూ కావాలని ఒకటే ఏడుపు" అని ఆయనే నవ్వేశారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఎకానమీ సీటు వెడల్పు 17, 18 అంగుళాలు. బావగారి భుజాలే అంతకంటే ఎక్కువ. అలాగని పక్కాయనదీ తప్పు కాదు, అతనూ పూర్తి సీటుకే డబ్బు కట్టాడు. మధ్యలో హాయిగా ఉన్నది సీట్లు ఇరికించిన విమాన కంపెనీవాళ్లే.

కెనడాలో 2008లోనే, ఊబకాయం వైకల్యంగా మారినవాళ్లకి దేశంలో తిరిగే విమానాల్లో రెండో సీటుకి డబ్బు తీసుకోవద్దని అక్కడి రవాణా ఏజెన్సీ ఆదేశించింది. మన దగ్గర అంత వద్దులెండి. విమానం ఖాళీ సీట్లతో ఎగిరినప్పుడు ఆ రెండో టికెట్ డబ్బు వాపసివ్వొచ్చుగా? బుకింగ్‌లోనే సీటు వెడల్పు చూపిస్తే ఏం పోయింది? లెగ్‌రూమ్‌కి రేటు కట్టడం మాత్రం బాగా తెలుసు.

మీలో ఎవరైనా ఇలా రెండో సీటు కొన్నారా? రెండూ పక్కపక్కనే ఇచ్చారా?