డూడిల్ కొనే ముందు దాని తల్లిని చూడాలి

మా చిన్నవాడికి కుక్క బొచ్చు తగిలితే తుమ్ములు, కళ్ల దురద మొదలవుతాయి. అయినా మూడేళ్లుగా కుక్కపిల్ల కావాలని అడుగుతూనే ఉన్నాడు. మెల్‌బోర్న్‌లో మాకు తెలిసినవారు చాలామంది లాబ్రడూడిల్‌నే తెచ్చుకోమన్నారు. అది లాబ్రడార్‌కు, ఉంగరాల బొచ్చుండే పూడిల్‌కు పుట్టే సంకర కుక్క; పూడిల్‌తో కలిపిన ఇలాంటి కుక్కలను డూడిల్‌లు అంటారు. దానికి బొచ్చు రాలదని, అలర్జీ రానే రాదని ధైర్యం చెప్పారు. ఆ మాట నమ్మి అడ్వాన్సు కూడా కట్టిన తర్వాత మేము వెనక్కి తగ్గవలసి వచ్చింది.

ఈ జాతికి పేరు వచ్చింది మెల్‌బోర్న్ నుంచే. హవాయిలో ఉండే ఒక అంధురాలికి దారి చూపే కుక్క కావలసి వచ్చింది. ఆమె భర్తకేమో కుక్కలంటే అలర్జీ. ఇక్కడి గైడ్ డాగ్స్ సంస్థలో పనిచేస్తున్న వాలీ కాన్రన్ ఎన్నో పూడిల్‌లకు శిక్షణ ఇచ్చి చూసి, ఏవీ ఆ పనికి కుదరకపోవడంతో 1980ల చివర్లో లాబ్రడార్‌ను, పూడిల్‌ను కలిపారు. ఆ ఈతలో పుట్టిన మూడు పిల్లల్లో ఆ భర్తకు పడింది సుల్తాన్ అనే ఒక్కటే. ఒకే తల్లి కడుపున పుట్టినవాటిలోనే ఇంత తేడా ఉందంటే, జాతి పేరు చూసి ఎవరైనా హామీ ఎలా ఇవ్వగలరు? తాను మొదలుపెట్టిన ఈ మోజు చూసి కాన్రన్ తర్వాతి కాలంలో బహిరంగంగానే బాధపడ్డారు.

అలర్జీకి అసలు కారణం కుక్క లాలాజలంలోనూ, చర్మం నుంచి రాలే పొట్టులోనూ ఉండే ప్రోటీన్లు. 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు పరిశీలించినప్పుడు, అలర్జీ తేవని పేరుపడిన జాతుల బొచ్చులో ఆ ప్రోటీన్ మిగతావాటికంటే తక్కువగా ఏమీ లేదు.

మేము అడ్వాన్సు కట్టిన అమ్మకందారు పిల్లను సగం దూరంలో ఉన్న పెట్రోల్ బంకు దగ్గరికి తెచ్చి ఇస్తానన్నాడు. తల్లిని చూస్తామంటే పొలంలో ఉందని, కుదరదని అన్నాడు. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో కుక్కపిల్లల ప్రకటనలో మైక్రోచిప్ నంబరు, అమ్మేవారు ఎవరో తెలిపే సోర్స్ నంబరు తప్పనిసరిగా ఉండాలి. రెండోదాని గురించి అడిగిన తర్వాత అతను ఫోన్ ఎత్తలేదు. పోయిన డబ్బు కంటే, కంటికి కనిపించని ఆ తల్లి ఏ షెడ్డులో ఎన్ని ఈతలు ఈనిందో అన్న ఆలోచన నన్ను ఎక్కువగా బాధించింది.

సంకర జాతి కాబట్టి జబ్బులు రావన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. రెటీనా క్రమంగా క్షీణించి చూపు పోయే వంశపారంపర్య వ్యాధి ఒకటి లాబ్రడార్‌లలోనూ ఉంది, పూడిల్‌లలోనూ ఉంది. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ జన్యువు దాగి ఉంటే, ప్రతి పిల్లకూ ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అందుకే తల్లిదండ్రులిద్దరి జన్యు పరీక్షల ఫలితాలను, తుంటి, మోచేతి కీళ్ల ఎక్స్‌రే నివేదికలను కాగితం మీద చూడాలి. పశువైద్యుడు చూశాడు, బాగానే ఉందన్నాడు అనే నోటిమాట ఇందుకు చాలదు.

హైదరాబాద్‌లో మా తోడికోడలు కూడా ఇలాంటి కుక్క కోసమే వెతుకుతోంది. మన దేశంలో 2017 కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్ (కుక్కలను ఈనించి పిల్లలను అమ్మేవారు) రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ నమోదు పత్రం చూపించమని అడగకుండా రూపాయి కూడా ఇవ్వవద్దని ఆమెకు చెప్పాను.

చివరికి మాకు దొరికిన బ్రీడర్ తన కుక్కలను వంటింట్లోనే పెంచుతుంది. తల్లి కుక్క వచ్చి నా మోకాలి మీద గడ్డం ఆనించి పడుకుంది. పగలు ఇంట్లో ఎవరుంటారు, ఊరెళ్తే కుక్కను ఎవరు చూస్తారు అని ఆమె మమ్మల్ని అడిగిన ప్రశ్నలే ఎక్కువ. ఎప్పుడైనా పెంచలేకపోతే తనకే తిరిగి ఇవ్వాలని ఒప్పంద పత్రంలో రాసి ఉంది. పది నెలల కుక్క చెవి వెనక దువ్వెన పెట్టి చూపించింది. పైకి మెత్తగా కనిపించే ఆ బొచ్చు చర్మం దగ్గర ఉన్నిలా ముద్దకట్టి, దువ్వెన పళ్లు కదలలేదు. రోజూ దువ్వాలి, ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి కత్తిరించాలి. ఇది చేయలేక వదిలేసిన డూడిల్‌లు సంరక్షణ కేంద్రాల్లోనూ కనిపిస్తాయి. అక్కడి పెద్ద కుక్క బొచ్చు ఎలాంటిదో ముందే తెలుస్తుంది కాబట్టి, అలర్జీ సమస్య లేనివారు మొదట అక్కడ చూడటమే మంచిదని నా అభిప్రాయం.

పిల్లను ఇచ్చే ముందు మావాడిని మూడు శనివారాలు తన కుక్కల మధ్య గంటసేపు కూర్చోబెట్టమని ఆ బ్రీడరే అడిగింది. మూడో వారం వాడి కళ్లు ఎర్రబడ్డాయి. ఈ ఈతలో మీకు పిల్లను ఇవ్వనని చెప్పి, అడ్వాన్సు తిరిగి ఇచ్చేసింది. వాడు చాలా ఏడ్చాడు. ఇప్పుడు డాక్టరు సలహా తీసుకుంటూనే, శనివారాల్లో ఆ తల్లి కుక్కను పార్కులో నడిపించడానికి వెళ్తున్నాడు. ఇంటికి రాగానే చెప్పకుండానే చేతులు, ముఖం కడుక్కుని బట్టలు మార్చుకుంటున్నాడు.